హమ్రియాలో తాళాలు అమ్మిన రోజులు

మా ఆర్మూర్ వైపు నుంచి మస్కట్ పోయే పిల్లలు ఈమధ్య సైట్ పనులకే కాకుండా దుకాణాలకూ, పెద్ద పెద్ద షోరూములకూ పోతున్నారు. పోయే ముందు కొందరు మా ఇంటికొచ్చి, "పెద్దబాపూ, నువ్వు ఆడ దుకాణంల చాన ఏండ్లు చేసినవంట గద. ఆ పనిల ఏం దెల్వాలె?" అని అడుగుతారు. చాయ్ తాగేలోపు చెప్పగలిగినంత చెప్పి పంపుతాను. వాళ్లు వెళ్లాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదే అనిపిస్తుంది. అదే ఇక్కడ రాస్తున్నాను.

జీతం ఎప్పుడు పెరిగింది, వీసా ఎలా రెన్యువల్ అయింది వంటివి ఇందులో ఉండవు. అవి అందరికీ ఒకేలా జరిగేవే. కౌంటర్ వెనక నిలబడ్డ మనిషికి ఏం తెలిసొస్తుందో అది మాత్రం రాస్తాను. నేను ఆ పనిలో సంతోషంగానే బతికాను. ఈ మాట ముందే చెప్పడం మంచిది. గల్ఫ్ అనగానే ఏడుపు కథ వినడానికి సిద్ధమైపోతారు మనవాళ్లు.

దుకాణం

నేను మస్కట్‌లో దిగింది ఇటుకలు మోయడానికి. కొన్నాళ్లకు కంపెనీ మూతపడింది. ఇంటికి తిరిగి పోవాలా, ఉండాలా అని గుంజాటన పడుతున్న రోజుల్లో, కార్మికుల గదులతో నిండిన హమ్రియా పేటలో ఒక హార్డ్‌వేర్ దుకాణం ముందు లారీలోంచి ఇనుప పైపులు దించుతున్నారు. దించేవాడు ఒక్కడే. ఊరికే చూస్తూ నిలబడలేక నేనూ చెయ్యి వేశాను. యజమాని మావజీ సేఠ్ లోపలికి పిలిచి చాయ్ ఇప్పించాడు. చాయ్ అయ్యేసరికి పని కూడా ఇచ్చాడు. కాగితాల సంగతి తనే చూసుకున్నాడు.

సేఠ్ వాళ్లది కచ్ ప్రాంతం. ఆయన పుట్టింది మాత్రం మస్కట్‌లోనే. దుకాణం పెట్టింది ఆయన తాత. నూరేళ్లు దాటిన మాట. అప్పుడది మత్రా ఓడరేవు దగ్గర ఉండేదట. లాంతర్లు, బొగ్గుల ఇస్త్రీపెట్టెలు, పింగాణీ పూత గిన్నెలు, ఇత్తడి తాళాలు, తూకానికి మేకులు, చేపల గాలాలు, పడవ తాళ్లు అమ్మేవారట. దొరల కోసం టెన్నిస్ బ్యాట్లు, హాకీ కర్రలు కూడా బొంబాయి ఓడ మీద దిగేవట. "మా తాతకు ఆటలంటే ఏమీ తెలియదు. హాకీ కర్రను చాలాకాలం ఒంటెలు తోలే కర్ర అనుకున్నాడు" అని సేఠ్ నవ్వేవాడు.

నేను చేరేనాటికి దుకాణం హమ్రియాకు మారింది. లాంతర్లు పోయి టార్చిలైట్లు వచ్చాయి. బొగ్గుల పెట్టె పోయి కరెంటు ఇస్త్రీపెట్టె వచ్చింది. వరస మాత్రం మారలేదు. ఎడమ గోడకు వంటింటి సామాను, ఎదురుగా ఇనుప సామాను, కుడివైపు ఆటవస్తువులు. మనిషికి ఇల్లు కావాలి, ఇంటికి మేకు కావాలి, పని అయ్యాక ఆట కావాలి. సేఠ్ తాత ఇలా ఆలోచించి పెట్టాడో లేదో నాకు తెలియదు. నాకైతే అలా అర్థమైంది.

ఎందుకు అని అడగడం

సేఠ్ నాకు నేర్పిన మొదటి పాఠం, "ఏం కావాలి అని అడిగాక, ఎందుకు అని కూడా అడుగు" అన్నది. సేఠ్ మాట్లాడేది హిందీ. ఆయన మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మత్రాలో చేపలు పట్టే ఒక ఒమానీ ముసలాయన, అబూ సాలిం, ఒకరోజు వచ్చి దుకాణంలో అన్నిటికంటే గట్టి జిగురు ఇమ్మన్నాడు. నేను డబ్బా తీసి ఇవ్వబోతుంటే సేఠ్ వెనక నుంచి గొంతు సవరించుకున్నాడు. నాకు గుర్తొచ్చి, ఎందుకని అడిగాను. ఆయన సంచిలోంచి కాఫీ కాచే ఇత్తడి కూజా తీశాడు. దాని పిడి ఊడిపోయింది. జిగురు పెడితే పొయ్యి మీద పెట్టగానే కరిగి, కాఫీ కాళ్ల మీద పడుతుంది. సేఠ్ ఒక ఇత్తడి రివెట్టు వెతికి, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి అక్కడికక్కడే పిడి బిగించేశాడు. డబ్బులు తీసుకోలేదు. అబూ సాలిం ఆ తర్వాత మత్రాలో ఎన్ని దుకాణాలున్నా గాలాలకు మా దగ్గరికే వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా చేప తెచ్చేవాడు. సేఠ్ శాకాహారి. ఆ చేపలన్నీ నా వంటకే వచ్చాయి. నేర్చుకున్న పాఠాల్లో ఇంత రుచిగా ఉన్నది ఇంకోటి లేదు.

ఇప్పటి షోరూముల్లో పిల్లలు ఏదడిగినా వేలితో అటు చూపిస్తారు. ఆ పని గోడకు అంటించిన బాణం గుర్తు కూడా చేస్తుంది. మనిషిని పెట్టుకునేది "ఎందుకు?" అని అడగడానికి. ఫుట్‌బాల్ కొన్నవాడికి గాలి కొట్టే సూది ఉందా అని అడగాలి. లేకపోతే వాడు ఇంటికి పోయి, పిల్లల ముందు మెత్తటి బంతి పట్టుకుని నిలబడతాడు. తిట్టుకునేది బంతిని కాదు, మనల్ని.

చిన్న సేఠ్ తెచ్చిన సరుకు

మా దుకాణంలో ఎక్కువగా అమ్ముడుపోయేది తాళం. హమ్రియాలో ఒక్కో గదిలో పదీ పన్నెండు మంది ఉంటారు. మంచాలు ఒకదానిమీద ఒకటి. ఎవడికీ గోడ లేదు, అల్మారా లేదు. ఉన్నదల్లా మంచం కింద సూట్‌కేసు, దానికొక తాళం. కొత్తగా దిగిన మనిషి బియ్యం కంటే ముందు తాళం కొంటాడు. అంతమందిలో తనది అనుకోగలిగేది ఆ సూట్‌కేసంత జాగానే.

మావజీ సేఠ్ ఏళ్ల తరబడి ఒకే కంపెనీ తాళాలు తెప్పించేవాడు. ఖరీదు కొంచెం ఎక్కువ, కానీ ఒకదాని తాళంచెవి ఇంకోదానికి పట్టదు. అప్పుడు ఆయన తమ్ముడు కిశోర్ కొత్తగా వ్యాపారంలోకి వచ్చాడు. మేమంతా చిన్న సేఠ్ అనేవాళ్లం. ఆయన ఎక్కడి నుంచో చవకగా పెట్టెల కొద్దీ తాళాలు తెప్పించాడు. బంగారు రంగు, చేతిలో బరువుగా ఉండేవి. చూడటానికి బాగుండటంతో గదుల్లోని కార్మికులు ఎగబడి కొన్నారు.

కొన్నాళ్లకు ఎదురుగా ఉన్న మలయాళీ దర్జీ రెండు తాళాలు పట్టుకొచ్చాడు. ఒకే తాళంచెవితో రెండూ తీసి చూపించాడు. సేఠ్ నవ్వి ఒకటి మార్చి ఇచ్చాడు. దర్జీ వెళ్లాక నేను అన్నాను.

"సేఠ్‌జీ, మిగతావి కూడా ఒకసారి చూద్దామా?"

సేఠ్ మెల్లగా తమ్ముడు కూర్చున్న వైపు చూశాడు. "కిశోర్ మొదటిసారి తెచ్చిన సరుకు. వాడి ముందు పెట్టె విప్పి పరీక్షలు పెడితే బాగుండదు. ఎక్కడో ఒకటి అలా వచ్చుంటుంది" అన్నాడు.

నేను చూసిన యజమానుల్లో మావజీ సేఠ్ అంత మంచివాడు లేడు. అయినా ఆ రోజు ఆయన చేసింది పొరపాటే. సరుకు మీద అనుమానం వచ్చినప్పుడు తమ్ముడి మనసు చూడకూడదు. తెలిసిన మనిషికి నొప్పి కలగకుండా చూసుకుంటే, ఆ నొప్పి పోయి తెలియని మనిషికి తగులుతుంది. అలాగే తగిలింది.

లింబాద్రి

ఒక గురువారం సాయంత్రం. మర్నాడు శుక్రవారం సెలవు కాబట్టి దుకాణం కిటకిటలాడుతోంది. మా నిజామాబాద్ వైపు మనిషే, లింబాద్రి అని, కన్‌స్ట్రక్షన్ కంపెనీలో మేస్త్రీ, లోపలికొచ్చాడు. నెమ్మదస్తుడు. ఆ రోజు మాత్రం ముఖం ఎర్రగా ఉంది.

"గంగారామన్నా, మీ దుకాణంల అన్నిటికన్న గట్టి తాళం ఇయ్యి."

"ఎందుకు తమ్మీ? ఆ మద్దెలనే ఒకటి కొంటివి గద?"

"అది ఉన్నా లేకున్నా ఒకటే. రూముల దొంగ వడ్డడు."

అడగ్గా అడగ్గా చెప్పాడు. అతను మస్కట్ రావడానికి ఏజెంటుకు కట్టేందుకు భార్య మెడలోని పుస్తెలతాడు అమ్మాడు. అప్పటి నుంచీ ఆమె పసుపు తాడుతోనే ఉంది. త్వరలో లీవు మీద ఇంటికి పోతున్నానని రువి బజార్లో కొత్త పుస్తెలతాడు కొని సూట్‌కేసులో దాచాడు. నిన్న తీసి చూస్తే లేదు. సూట్‌కేసు తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది. గదిలో అందరి పెట్టెలూ తెరిపిస్తే పక్క మంచం సాయిలు పెట్టెలో దొరికింది.

"వాని తాళంచెయ్యి నా తాళానికి వెట్టి చూసినం. చప్పున దెరుసుకున్నదన్నా! ఇంకేం గావాలె? తమ్ముని లెక్క చూసుకున్న వాన్ని. రేపు సూపర్‌వైజర్ రూములు జూడనీకి వస్తడు, అప్పజెప్తం. వీసా క్యాన్సిల్ జేసి పంపిస్తరు."

సాయిలు నాకూ తెలుసు. మాట తక్కువ మనిషి. శుక్రవారం పూట వచ్చి కొడుకు కోసం బంతులన్నీ ఒక్కొక్కటే చేత్తో పట్టి చూసి, లీవు మీద పోయేటప్పుడు కొంటానని చెప్పి వెళ్లేవాడు.

"సాయిలు తాళం గూడ మా దగ్గరిదేనా?" అని అడిగాను.

"ఇద్దరం కలిసే కొన్నం. సూట్‌కేసులు గూడ ఒక్క తీరువే. ఎందుకట్ల జూస్తున్నవు?"

నేను సేఠ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన విన్నాడు. దర్జీ సంగతి నేను గుర్తుచేయలేదు. అవసరం లేకపోయింది. ఆయన ముఖంలో రంగు మారడం చూశాను. లేచి, చిన్న సేఠ్ అటకమీది నుంచి ఆ తాళాల పెట్టె దించేదాకా ఆగి, అందులోవి గుప్పెడు తీసి తాళంచెవులు అటూ ఇటూ మార్చి పెట్టి చూశాడు. మొదటిది పట్టలేదు. రెండోది పట్టలేదు. మూడోది గిర్రున తిరిగింది. ఆ తర్వాత ఇంకోటి.

"షట్టర్ దించు" అన్నాడు సేఠ్.

"అన్నయ్యా, గురువారం సాయంత్రం!" అన్నాడు చిన్న సేఠ్.

"నువ్వూ రా" అన్నాడు సేఠ్.

గది

నేను ఆ దుకాణంలో ఉన్నన్నాళ్లూ బేరం నడుస్తుండగా షట్టర్ దించడం అదొక్కసారే చూశాను. సందుల్లో లింబాద్రి ముందు నడిచాడు. వెనక తాళాల సంచితో సేఠ్, ఆయన వెనక చిన్న సేఠ్, నేను.

గది ఇరుకు. మంచాల మీద, కింద చాపల మీద మనుషులు కూర్చుని ఉన్నారు. మూలన ఒక మంచం అంచున సాయిలు కూర్చుని ఉన్నాడు. అతని చుట్టూ మాత్రం ఖాళీ. అంత ఇరుకు గదిలో అంత ఖాళీ ఎలా వచ్చిందా అనిపించింది. పొద్దున్నుంచి అన్నం తినలేదని చూస్తేనే తెలుస్తోంది.

ఎవరో కుర్చీ కోసం చూస్తుంటే, సేఠ్ వద్దని బక్కెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఆయన చెబుతున్నది నేను తెలుగులో చెబుతూ వచ్చాను.

"లింబాద్రి భాయ్, నీ తాళంచెవి తీసి సాయిలు తాళానికి పెట్టు."

లింబాద్రికి అర్థం కాలేదు. "నాదెందుకు? వానిది గద నా తాళానికి వడ్డది?"

"పెట్టి చూడు."

వంగి పెట్టాడు. తిప్పాడు. తాళం తెరుచుకుంది.

"ఇంకా ఎవరి దగ్గర ఉన్నాయి ఈ బంగారు రంగు తాళాలు?" అని అడిగాడు సేఠ్. మరికొందరు తెచ్చారు. వాటిలో ఒకతని తాళంచెవి కూడా లింబాద్రి తాళానికి పట్టింది. సేఠ్ దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తాడు. "తాళంచెవి పట్టినవాడల్లా దొంగ అనుకుంటే, ఈ గదిలో ముగ్గురు దొంగలున్నారు. లింబాద్రితో కలిపి."

ఎవరో ముక్కుతో నవ్వారు. కానీ లింబాద్రి నవ్వలేదు. "అయితే మరి గొలుసు వాని పెట్టెలకెట్లొచ్చె?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే.

నేను అడిగాను. "గొలుసు ఒక్కటే దొరికిందా, ఇంకేమన్న దొరికిందా?"

"కవరుకు కవరే దొరికింది. బామ్ సీసా, పౌడర్ డబ్బా, పిల్లల పెన్నులు, అన్ని అండ్లనే ఉన్నయ్."

"దొంగతనం జేసెటోడు బామ్ సీస ఎందుకు దీస్కపోతడు తమ్మీ? ఆ కవరు నువ్వు పెట్టెల ఎప్పుడు వెట్టినవు?"

"మంగళారం. రువి పోయొచ్చినంక."

అప్పటిదాకా తల ఎత్తని సాయిలు ఎత్తాడు. "మంగళారం బల్బు వోయింది గదన్నా" అన్నాడు. "రూమంత చీకటి. నేను పండుకున్న. నువ్వొచ్చి నా మంచం కాడ వంగినవు. నా కాలు దొక్కితివి. అబ్బా అంటే, తమ్మీ సూడలేదు అంటివి."

లింబాద్రి తన పెట్టె వైపు, సాయిలు పెట్టె వైపు చూశాడు. రెండు సూట్‌కేసులూ పక్కపక్కనే, ఒకే రంగు, ఒకే దుకాణం. చీకట్లో చేతికి అందింది లాగాడు. తాళం తెరుచుకుంది కాబట్టి తనదే అనుకున్నాడు. కవరు లోపలికి తోసి మూశాడు. సాయిలు రోజూ కట్టుకునే బట్టలు దండెం మీద వేసుకుంటాడు కాబట్టి, పెట్టె తీసి చూసుకోనే లేదు.

లింబాద్రి నేల మీద కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "నేనే వెట్టిన్నా... నా చేతులతోని నేనే వెట్టిన్నా..." అని అదే మాట అంటున్నాడు.

సాయిలు అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. "నన్నొక్కమాట అడగకపోతివి గదన్నా" అన్నాడు. "తాళంచెయ్యినే అడిగితివి." అని లేచి బయటి నల్లా దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

అతను తిరిగొచ్చేసరికి సేఠ్ బక్కెట్ మీది నుంచి లేచి నిలబడ్డాడు. అతని ముందు రెండు చేతులూ జోడించాడు. "ఈ తప్పు లింబాద్రిది కాదు. నాది. ఈ తాళాలు ఇలాంటివని నాకు ముందే ఒకసారి తెలిసింది. అమ్మకం ఆపలేదు. నువ్వు నన్ను ఏమన్నా పడతాను."

నేను దాన్ని తెలుగులో చెప్పబోతే సాయిలు వద్దన్నాడు. అర్థమైందన్నాడు. అప్పుడు పై మంచం మీద కూర్చున్న ఒకాయన కంచంలో అన్నం పెట్టి తెచ్చి సాయిలు చేతికిచ్చాడు.

తర్వాత

మర్నాడు సూపర్‌వైజర్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు. సేఠ్ మాత్రం దుకాణం ముందు హిందీలో, అరబిక్‌లో, మలయాళంలో, నా చేత తెలుగులో బోర్డు రాయించి పెట్టాడు: బంగారు రంగు తాళం కొన్నవాళ్లు తెచ్చి మార్చుకోండి. వారాల తరబడి వచ్చారు. కొందరు వేరే దుకాణాల్లో కొన్న తుప్పు తాళాలు కూడా తెచ్చారు. నేను గుర్తుపట్టి చెబితే, "పర్లేదు, మార్చు" అనేవాడు. తిరిగొచ్చిన తాళాలను పాత ఇనుము వాళ్లకు అమ్మితే మళ్లీ ఎక్కడో తేలతాయని, వాదీ కబీర్‌లో ఒక వర్క్‌షాపుకు తీసుకుపోయి ఎదురుగా నిలబడి సుత్తితో పగలగొట్టించాడు.

చిన్న సేఠ్ కొన్నాళ్లు అలిగాడు. తర్వాత అలాంటి జాగ్రత్తపరుణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. కొత్త సరుకు వస్తే తనే నేలమీద కూర్చుని తాళంచెవులు మార్చి మార్చి చూసేవాడు. సేఠ్ పోయాక దుకాణం నడిపింది ఆయనే. నేను రిటైరై వచ్చేనాటికి కూడా ఆ అలవాటు మానలేదు. దుకాణాల్లో పనికి పోయే పిల్లలకు నేను చెప్పేది ఇదే. పొరపాటు చేయని యజమాని దొరకడు. వెతక్కండి. చేశాక ఏం చేస్తాడో చూసి, వాడి దగ్గర ఉండాలో వద్దో తేల్చుకోండి.

లింబాద్రి, సాయిలు అదే గదిలో ఉన్నారు. ఒకరికొకరు ఏం చెప్పుకున్నారో, ఎలా సర్దుకున్నారో నాకు తెలియదు. మొదట్లో దుకాణానికి విడివిడిగా వచ్చేవారు. కొన్ని నెలలకు, ఒక శుక్రవారం కలిసి వచ్చారు. సైట్‌లో పని తొందరని కంపెనీ లింబాద్రి లీవు వెనక్కి జరిపింది. సాయిలుకు మాత్రం లీవు దొరికింది. కొడుక్కి బంతి, ఇంటికి ప్రెషర్ కుక్కర్ కొంటున్నాడు.

నేను సామాను కడుతుంటే లింబాద్రి జేబులోంచి బంగారు దుకాణం వాళ్లిచ్చిన చిన్న ఎర్ర సంచి తీశాడు. కౌంటర్ మీద సాయిలు చేతి దగ్గర పెట్టాడు.

"మా ఇంట్ల ఇయ్యి."

సాయిలు దాన్ని ముట్టుకోలేదు. "నాకెందుకన్నా? ఇంకెవ్వలతోనన్న పంపరాదు?"

"ఇంకెవ్వలకియ్యాలె?" అన్నాడు లింబాద్రి.

నేను ఊరుకోలేక పైనుంచి ఒక మంచి తాళం దించి ముందు పెట్టాను. సాయిలు దాన్ని పక్కకు జరిపి, చొక్కా పై గుండీ విప్పి, లోపలి జేబులో సంచి పెట్టుకుని గుండీ వేసుకున్నాడు.

బయట దుకాణం ఎదురుగానే ఫోన్ బూత్ ఉంది. లింబాద్రి అందులోకి వెళ్లి ఇంటికి ఫోన్ కలిపాడు. అవతల సరిగా వినబడటం లేదేమో, సందంతా వినబడేలా అరుస్తున్నాడు.

"నేను గాదే! నేను ఇప్పుడు రాను. మా తమ్ముడు సాయిలు వస్తుండు. కోడి గోసి, దినకుంట పోనియ్యకు!"